ఏనుగూ, మా నాయిన మెత్తదీ

మా పెదనాయిన పోయి ఎన్నో ఏళ్ళయింది. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు. బతికున్నప్పుడు ఆయనను తిట్టే ధైర్యం మా ఇంట్లో ఒక్కరికీ లేకపోయె, మరి ఎప్పుడు తిట్టాలి? అందుకే ఇప్పుడు తిడుతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చున్నదే అందుకు.

ఆయన భారీ మనిషి. గద్వాలలో మా నేతగాళ్ళ వీధిలో నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు వెనక్కి తీసుకునేవారు. 'ఏనుగొస్తుంది' అని గుసగుసలాడుకునేవారు. ఆ మాట చెవిన పడితే ఆయనకు కోపం వచ్చేది కాదు, మీసం సవరించుకునేవాడు. మా నాయిన ఆయన తమ్ముడు. బక్క మనిషి. అన్న ఏమన్నా 'అట్లనే అన్నా' అనడం తప్ప ఇంకో మాట ఎరగడు. తాత పోయాక ఇల్లు రెండైంది. వీధి వైపు గదులు, వెలుతురు, బావి అన్నీ అన్నకు పోయాయి. మాకు వెనక భాగం వచ్చింది, పగలు కూడా దీపం కావలసిన గదిలో ఒక మగ్గం గుంత వచ్చింది. నాయిన దానికీ 'అట్లనే అన్నా' అన్నాడు.

రెండు ఇళ్ళకూ మధ్య ఒకే మట్టిగోడ. ఆ పక్క ఆయన మగ్గం, ఈ పక్క మా మగ్గం. ఆయన మగ్గం ఆడితే మాకు వినపడేది, ఆగినా వినపడేది. అటూ ఇటూ విసిరే నాడెలో నూలు అయిపోయి కండె మార్చడానికి ఆగడం వేరు, పోగు తెగి ఆగడం వేరు. నేసే ఇంట్లో పుట్టినవాళ్ళకు ఆ తేడా ఎవరూ చెప్పనక్కరలేదు.

మా వీధిలో ఏటా శ్రావణంలో దేవుడికి పంచెలు నేసేవారు. ఆ వంతు ఒక్కో ఏడు ఒక్కో ఇంటికి వచ్చేది. వంతు వచ్చిన మనిషి నలభై ఒక్క రోజులు దీక్షలో ఉండాలి. తెల్లవారకముందే తలస్నానం, ఒంటిపూట తిండి, చాప మీద పడక. మాంసం మాట అటుంచి, మాంసం తిన్నవాళ్ళ నీడను కూడా ఆ మగ్గం మీద పడనిచ్చేవారు కాదు. తాత నేసిన తర్వాత మా ఇంటికి మళ్ళీ వంతు తిరిగి వచ్చేసరికి నాకు పదమూడేళ్ళు. పెద్దకొడుకు కాబట్టి తనకే ఇస్తారని పెదనాయిన కొత్త తలపాగా కూడా సిద్ధం చేసుకున్నాడు. కులపెద్దలు ఇద్దరి నేతా పక్కపక్కన పరిచి చూసి, నాయినకు ఇచ్చారు. మా నాయిన తన కోసం నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడిగినవాడు కాదు. ఆ వంతు ఒక్కటి మాత్రం అడిగాడు. వంతు ఆయనకే అని పెద్దలు చెప్పిన రోజు ఆయన గుంతలో కూర్చుని ఊరికే ఖాళీ మగ్గం ఆడించాడని అమ్మ చెప్పింది.

ఆ రోజు నుంచి పెదనాయిన మా గుమ్మం తొక్కలేదు.

ఆ ఏడు శ్రావణం వచ్చినా చినుకు రాలలేదు. పడమటి గాలి పొద్దంతా ఊదేది. అంత పొడిగాలిలో నూలు పోగు పుటుక్కున తెగుతుంది, తడి చేస్తూ ఉండాలి. దేవుడి పంచె మధ్యంతా తెల్లని నూలు, అంచేమో ఎర్రని పట్టు. నూలుకు తడి లేకపోతే పోగు తెగుతుంది. పట్టుకు తడి తగిలిందా, ఎరుపు కారి తెలుపు మీదికి పాకుతుంది. అందరూ తడిగుడ్డ పిండి పోగుల మీద ఒత్తేవారు. గుడ్డను ఎంత గట్టిగా పిండినా ఎక్కడో ఒక చుక్క జారుతుంది. పంచె పాడు కావడానికి ఆ చుక్క చాలు.

మా నాయిన దగ్గర స్పాంజి ఉండేది. రైలు దారి వేసిన దొర ఊరు వదిలి పోయాక, ఆయన వంటవాడు మా ఇంట్లో ఒక తువ్వాల పుచ్చుకుని దీన్ని ఇచ్చి పోయాడు. దొర ఒళ్ళు రుద్దుకునేవాడట. తేనె రంగులో, ఒళ్ళంతా చిల్లులతో, జొన్నరొట్టెలో సగమంత ఉండేది. నీళ్ళలో ముంచి పిండాక ఒక్క చుక్క కారదు, తడి మాత్రం అందులోనే ఉంటుంది. నాయిన దాన్ని పడుగు పోగుల మీద అలా ఆనించి, అంచు ఇంకా జానెడు దూరం ఉందనగా ఆపేసేవాడు. దాని పేరు మాకెవరికీ తెలియదు. నాయిన 'మెత్తది' అనేవాడు. దేవుడి పంచెకు దాన్ని వేడినీళ్ళలో కడిగి, పసుపు రాసి, దణ్ణం పెట్టి మరీ తీశాడు.

దాని పేరు ఆ ఇంట్లో మొదట తెలిసింది నాకు. నన్ను మూడేళ్ళు వనపర్తిలో మా చిన్నమ్మ ఇంట్లో ఉంచి ఆడపిల్లల బడిలో చదివించారు. పంతులమ్మ మద్రాసు వైపు నుంచి వచ్చిన మనిషి. మధ్యాహ్నం సంస్థానం ఏనుగును నీళ్ళకు తోలుకుపోతుంటే మేమందరం పుస్తకాలు పడేసి కిటికీ దగ్గరికి ఉరికేవాళ్ళం. విసిగి విసిగి ఒకనాడు ఆమె ఏనుగునే పాఠం చేసింది. బొమ్మల పుస్తకంలో ఒక పుట తెరిచి పట్టుకుని, 'బయట పోతున్న దానికీ దీనికీ పోలిక చెప్పండి' అంది. పుస్తకంలో మా నాయిన మెత్తది ఉంది, కింద స్పాంజి అని పేరు. నేను నిలబడి, అది మా ఇంట్లో ఉందన్నాను. ఎవరూ నమ్మలేదు.

పోలిక ఏముంటుందని మేము నవ్వాం. ఆమె నవ్వలేదు. ఏనుగు గుండె ఒక్కటే నడిచే పిల్లంత బరువుంటుంది, దీనికి గుండే లేదు. కళ్ళు లేవు, నోరు లేదు, నెత్తురు లేదు, కాళ్ళు లేవు. సముద్రంలో రాయిని పట్టుకుని పుట్టినచోటే ఉంటుంది. అయినా ఏనుగు తొండంతో నీళ్ళు పీల్చి వదులుతుంది, ఇది ఒళ్ళంతటితో పీల్చి వదులుతుంది, ఆ నీళ్ళలో దొరికింది తిని బతుకుతుంది. ఆకలి రెండింటికీ ఉంది, పిల్లలు రెండింటికీ ఉన్నాయి. కాబట్టి రెండూ జంతువులే. మీ చేతికి వచ్చేది అది చచ్చి ఎండాక మిగిలిన బొందె అని కూడా చెప్పింది. ఆ పాఠం నాకు అచ్చు గుద్దినట్టు గుర్తుండిపోయింది. గుర్తు లేకపోయినా బాగుండేది.

ఆ ఆషాఢంలోనే పెద్దదాన్నయ్యానని చదువు మాన్పించి ఇంటికి తెచ్చారు. చదువు పోయిందని నాకు అందరి మీదా మంటగా ఉండేది. నాయిన దీక్ష మొదలై అయిదో రోజు పెదనాయిన వాళ్ళ బావి దగ్గర నీళ్ళు చేదుతుంటే మా పెద్దమ్మ, అంటే పెదనాయిన భార్య, బావి గట్టు మీద చేరి అడిగింది.

"మూడేండ్లు ఏం సదివినవే? రొట్టె జేయనొస్తదా, లేకుంటే ఏనుగును జూసుడే నేర్పిర్రా?"

అక్కడ నోరు మూసుకుని బిందె ఎత్తుకుని రావలసింది. రాలేదు.

"మీకు ఏనుగొక్కటే జంతువు" అన్నాను. "మా నాయిన చేతిల ఉన్నది గూడ జంతువే. సముద్రంలది. ఎరికనా నీకు?"

ఎరుక లేదు, అప్పుడే అయింది. ఆమె మొహం వెలిగిపోవడం చూశాను. చూసి, నా చదువుకు అబ్బురపడిందని అనుకున్నాను. అంత తెలివి నాది.

మర్నాడు పొద్దున్నే కులపెద్దలు సంఘం ఇంటి అరుగు మీద కూర్చున్నారు. పెదనాయిన అరుగు మధ్యన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నా తమ్ముడు దేవుని పడుగు మీద పీనుగను రుద్దుతుండు. నేనన్న మాట గాదు, వాని బిడ్డ అన్న మాటనే. అడగండ్రి."

నన్ను ముందుకు పిలిచారు. పెద్దల్లో పెద్దాయన వేలికి ఏనుగు దంతపు ఉంగరం ఉండేది. ఆ వేలితోనే నన్ను చూపించి అడిగాడు.

"అన్నవా బిడ్డా?"

"అన్న."

"జంతువంటే ఎసొంటిది? కోడి లెక్కనా, మేక లెక్కనా?"

"ఏనుగు లెక్కనే అది గూడ జంతువు. గాని దానికి గుండెకాయ లేదు, కండ్లు లేవు, నోరు లేదు."

అరుగంతా నవ్వింది. పెదనాయిన నవ్వలేదు. ఏనుగు పేరు ఎత్తితే ఆయనకు తన పేరు ఎత్తినట్టే.

"ఏనుగంటే లచ్చిమి. వాకిట్లకొస్తే హారతిస్తం. దానికి దీనికి పోలికేంది? ఇది ఏందో, యాడిదో, దొర సంకలు రుద్దుకున్నది."

నేను అప్పుడైనా ఆగి ఉండవలసింది. నాకు ఆగడం రాదు, ఇప్పటికీ రాదు.

"మరి మీ ఏలికున్న ఉంగరమేంది?" అన్నాను పెద్దాయనతో. "సచ్చిన ఏనుగు దంతం గాదా? ఆ గూట్ల పెట్టిన శంఖమేంది? సముద్రంల పురుగు ఉన్న ఇల్లు. పంచె అంచుకు పట్టేసిర్రు గద, పురుగులను ఉడకబెడితెనే పట్టొస్తది. అవన్నీ దేవునికి పనికొస్తయి, ఇదొక్కటి రాదా?"

వాదనలో గెలిచాననుకున్నాను. పెద్దాయన ఉంగరం ఉన్న చెయ్యి పంచె మడతలోకి దాచుకున్నాడు. అప్పటిదాకా మా వైపు ఉన్న మనిషి ఆయనొక్కడే, ఆయనను కూడా అటు తోసేశాను. ముందు వరసలో మా నాయిన తల వంచుకుని నేల చూస్తున్నాడు.

అయినా పెద్దాయన మంచివాడే. నాయిన వైపు వంగి మెల్లగా అన్నాడు. "పొల్ల నాలుగు అచ్చరాలు నేర్సి ఏందో వాగింది. అది సముద్రంల పెరిగే గడ్డి అని నువ్వను. గోమూత్రం సల్లి ఇంతటితోని ఇడుస్తం. నీ మగ్గం నీదే."

నాయిన తల ఎత్తి నా వైపు తిరిగాడు. "బిడ్డా, నిజంగ అది జీవమేనా?"

'తెల్వదు' అంటే చాలు. ఒక్క మాట. నాకు ఆ మాట తట్టలేదని చెప్పుకుంటే నేరం తగ్గుతుందేమో కాని, తట్టింది. నాలుక మీదికి వచ్చింది కూడా. పెదనాయిన మీసం మీద చెయ్యి వేసి నన్నే చూస్తున్నాడు. ఆయన ముందు నా చదువు తప్పని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు.

"జీవమే నాయినా" అన్నాను.

"అయితే జీవమే" అన్నాడు నాయిన పెద్దలతో. "నా బిడ్డ అబద్ధమాడదు."

వంతు ఇంటి పేరు మీదే ఉండాలి కాబట్టి, గడిచిన దీక్ష రోజుల లెక్కతో సహా పెదనాయినకు పోయింది. మైలపడ్డ పడుగును మగ్గం మీద ఉంచకూడదని, నలుగురూ వచ్చి నిలబడగా నాయిన తన చేతితోనే కత్తిరించాడు. అయిదు రోజుల నేత, మూర కంటే కొంచెం ఎక్కువ గుడ్డ. దాన్ని కృష్ణలో కలిపి రమ్మన్నారు. నాయిన మీద గోమూత్రం చల్లి శుద్ధి చేశారు. ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు, నన్ను కూడా అనలేదు. కొట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ తర్వాత ఆయన పగలంతా గోడకు ఆనుకుని కూర్చునేవాడు. మా మగ్గం మీద వేరే పడుగు ఎక్కించలేదు. పొద్దున అమ్మ రొట్టె పెట్టబోతే వద్దనేవాడు, మధ్యాహ్నం ఒక్క పూట తినేవాడు. దిగులుతో ఆకలి చచ్చిపోయిందనుకున్నాను. మెత్తది సజ్జ మీద ఎండి గట్టిపడిపోయింది.

గోడకు అవతల మగ్గం ఆడేది, ఆగేది. రెండు పేకలు, ఆగడం. నాలుగు పేకలు, ఆగడం. పెదనాయిన తడిగుడ్డ వాడితే అంచు కారింది, గుడ్డ మానేస్తే పోగు తెగింది. పెద్దమ్మ మొహం ముడుచుకుని తిరిగేది. నాకు మటుకు ఆ మగ్గం ఆగినప్పుడల్లా అన్నం సయించేది. దేవుడి పంచె కదా, పాపం కదా అని ఒక్కసారి కూడా అనిపించలేదు. ఇంకా తెగాలి, ఇంకా తెగాలి అని లెక్కపెట్టుకుంటూ పడుకునేదాన్ని.

ఇరవై రోజులు దాటాక ఒక మధ్యాహ్నం ఏనుగు మా గుమ్మంలోకి వచ్చింది. తల వంచుకునే వచ్చాడు. మా గుమ్మం పొట్టిది, వంచక తప్పదు. నాయిన నది వైపు పోయాడు. నేనొక్కదాన్నే రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నాను.

"ఏం జేస్తున్నవు బిడ్డా?" అన్నాడు. నన్ను బిడ్డా అని పిలవడం అదే మొదలు. "గా మెత్తది ఉన్నదా ఇంట్ల?"

"ఉన్నది."

"జర రేపు నాతోని సంఘమింటికి రా. తప్పు జెప్పిన, అది జంతువు గాదు, సముద్రంల చెట్టు అని ఒక్క మాటను. నీ మాటైతే ఇంటరు. ఇంత పరేషాన్ ఎన్నడు గాలేదు నాకు. పక్కన కూసుని నాడె ఇసిరెటోడు గూడ నా తోని గాదని పోయిండు."

నేను రాట్నం ఆపలేదు. "మా నాయిన కోసం అనని మాట నీ కోసం అనాల్నా పెదనాయినా?"

"దేవుని పని బిడ్డా."

"దేవుని పని మా నాయిన జేస్తుండె గద. అప్పుడు యాదికి రాలేదా దేవుడు?"

ఆయన మొహం నల్లబడింది. "మీ నాయినకు జెప్త నీ సంగతి" అన్నాడు.

"చెప్పుకో. అది జంతువే. నువ్వెంత జంతువో అదీ అంతే."

పోతూ పోతూ గుమ్మానికి తల కొట్టుకున్నాడు. ఆ చప్పుడు నాకు ఎంత బాగుందో దాచుకోను. నాయిన రాగానే అంతా పూసగుచ్చినట్టు చెప్పాను, మెచ్చుకుంటాడని. ఆయన కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాడు.

మర్నాడు తెల్లవారుతుండగా చూస్తే నాయిన తలస్నానం చేసి, తడిబట్టతో గుమ్మంలో ఉన్నాడు.

"యాడికి నాయినా?"

"అన్న కాడికి. పక్కన కూసునెటోడు రాలేదట."

"రాకుంటే నీకేంది? ఆయన పడుగు తెగనీ. మగ్గమే ఇరగనీ. నీ పడుగు కోపిచ్చిండు, మరిచిపోయినవా?"

"మరువలేదు. ఆ మగ్గం ఆగుడు ఇంటున్న. ఇన్ని దినాలు ఇన్న. ఇగ నాతోని గాదు."

"దీక్ష లేనోన్ని ఆడ కూసోనిస్తరా?"

"దీక్ష నేను ఇడ్వలేదు బిడ్డా."

వెనక పొయ్యి దగ్గర అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమెకు ముందే తెలుసు. ఒంటిపూట తిండి, చాప పడక, మగ్గం లేకుండానే ఇన్ని రోజులూ ఆయన వంతు ఆయన చేస్తూనే ఉన్నాడు. నాకు ఏడుపు రావలసింది, కోపం వచ్చింది.

"నువ్వే ఒక మెత్తదానివి నాయినా. ఎవరెంత పోసినా పీల్చుకుంటవు" అన్నాను.

ఆయన గుమ్మం దిగి పోయాడు. పెద్దలు అభ్యంతరం పెట్టలేదు. శుద్ధి అయిన మనిషి, దీక్ష తప్పని మనిషి, ఏమని పెడతారు? స్పాంజి మాత్రం సజ్జ దిగలేదు. నాయిన వేళ్ళు నీళ్ళలో ముంచి, విదిలించి, ఆ వేలికొసలతో నూలు పోగులను జానెడు జానెడు నిమిరేవాడు. అంచు దగ్గరికి రాగానే చెయ్యి తీసేసేవాడు. నిమిరి, నాడె విసిరి, మళ్ళీ నిమిరి. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అదే పని. గోడకు ఈ పక్క నేను చెవి ఆనించి కూర్చుంటే, మగ్గం ఆగకుండా ఆడడం వినపడేది. చెవులు మూసుకున్నా వినపడేది.

నలభై ఒకటో రోజుకు పంచెలు అయ్యాయి. ఎక్కడా ఒక్క ఎర్ర మరక లేదు. పళ్ళెంలో పెట్టి, డప్పులతో వీధంతా తిప్పి దేవుడి గుడికి పంపించారు. ముందు పెదనాయిన నడిచాడు, కొత్త తలపాగాతో, మెడలో దండతో. పెద్దాయన ఆయన భుజం తట్టి, మీ తండ్రి చెయ్యి నీకొచ్చింది అన్నాడు. పెదనాయిన మీసం సవరించుకున్నాడు. 'నా తమ్ముడు గూడ కూసున్నడు' అని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయేది? అనలేదు. చచ్చేదాకా ఎవరితోనూ అనలేదు. నాయిన గుంపు వెనక నడిచాడు. నానీ నానీ ఆయన వేలికొసలు తెల్లగా ఉబ్బి, పగిలి ఉన్నాయి.

ఆ సాయంత్రం అమ్మ రెండో పూట వడ్డించింది, దీక్ష తీరింది కదా. నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"ఒక్క మాటన్న అన్నడా నాయినా? నువ్వు కూసున్నవని?"

"అనలేదు."

"నీకు సిగ్గనిపించదా?"

నాయిన రొట్టె తుంచబోయి ఆగాడు. నా వైపు చూశాడు. ఆ నెలలో ఆయన నన్ను నిండుగా చూసింది అప్పుడే.

"ఆ మెత్తదానికి ఏమేం లేవంటివి బిడ్డా, ఆ దినం?"

"గుండెకాయ లేదు. కండ్లు లేవు. నోరు లేదు."

"అయినా జీవమే అంటివి గద, అందరి ముంగట."

"ఔ, జీవమే."

"మీ పెదనాయిన గూడ గంతే" అన్నాడు నాయిన, పగిలిన వేళ్ళతో రొట్టె తుంచుకుని పప్పులో అద్దుకుంటూ.

అమ్మ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.